మహమ్మారి, ఉపాధి, రాష్ట్ర నాయకత్వం

2020 మార్చి 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటించిన లాక్‌డౌన్ నాలుగు గంటల వ్యవధిలో దేశమంతటా అమలులోనికి వచ్చినది. వ్యాధి ఒకటే, ఆజ్ఞ ఒకటే, కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు మూతపడిన దుకాణాలన్నిటికీ పడిన తాళమూ ఒకటే. అయినను ఆ తాళం వెనుక పనిచేసిన మనిషి ఇంట మరుసటి నెలలో పొయ్యి వెలిగినదా లేదా అన్నది మాత్రం రాష్ట్రానికొక తీరుగా ఉన్నది. ఉపాధి పోయిన పాపమంతా వ్యాధి నెత్తిన వేసి ఊరకుండుట మన పెద్దలకు అలవాటైనది. మేము దానితో ఏకీభవించలేము. వ్యాధి మనిషి ఊపిరి మీద దెబ్బ తీసినది. అతని కూలి మీద పడిన దెబ్బ ఎంత గట్టిదన్నది చాలవరకు రాష్ట్ర రాజధానులలో, మంత్రుల బల్లల మీద నిర్ణయమైనది.

ఏండ్లు గడచిన సంగతిని ఇప్పుడు తవ్వి తీయనేల అని కొందరు మిత్రులు మమ్ము అడిగినారు. నాడు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులలో ఉండి సెల్‌ఫోను తెర మీద పాఠం విన్నవారే నేడు ఈ కళాశాలలో పట్టభద్రులు కాబోతున్నారు. ఇంట ఫోను లేక ఆ పాఠమైనా విననివారు వారిలో ఉన్నారు. తండ్రి ఆటో నడిపే ఇండ్లు, అన్న జర్దోసీ మగ్గం మీద కూర్చునే ఇండ్లు, తల్లి కుట్టుమిషను మీద సంసారం లాగే ఇండ్లు, మేనమామ ఫంక్షన్ హాళ్లలో వంట చేసే ఇండ్లు మా తరగతులలో ఎక్కువ. ఈ పనులలో దేనికీ నెల జీతమన్నది లేదు. పని దొరికిన దినం కూలి, దొరకని దినం అప్పు. నాడు చేసిన అప్పు నేటికీ తీరని ఇండ్లు మాకు తెలుసు. బడిలో మా పక్క బల్ల మీద కూర్చున్న ఒక మిత్రుడు ఆ వేసవిలో మండీలో బస్తాలు మోసే పనికి కుదిరి, మరల బడి గడప తొక్కలేదు. ఇప్పుడతడు బండి మీద పార్సెళ్లు అందిస్తూ మా కళాశాల గేటు ముందుగానే పోతుంటాడు. ఆగి పలకరిస్తాడు, లోపలికి రమ్మంటే మాత్రం రాడు.

పాతబస్తీ చేతిపనివారికి రంజాను నెల ఏడాది సంపాదనలో పెద్ద పాలు. దర్జీ, అత్తరు వ్యాపారి, లాడ్ బజారులో లక్క గాజులు చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు, హలీం బట్టీ దగ్గర గోధుమ నలిపే కూలి, అందరూ ఆ ముప్పది దినాల రాబడితోనే వెనుకటి బాకీలు తీర్చుకుంటారు. 2020లో ఆ నెల పూర్తిగా లాక్‌డౌన్‌లోనే గడచినది. హలీం బట్టీలు వెలగలేదు. మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు మే 6న తెరచినారు. నగరంలో బట్టల దుకాణాలు, తక్కిన దుకాణాలు రోజు విడిచి రోజు తెరచుటకు మే 19 నుండి అనుమతి ఇచ్చినారు. ఈదుల్‌ఫితర్ మే 25న వచ్చినది. పండుగకు నిండా వారం లేదు, అందులోనూ రోజు విడిచి రోజు! మద్యం దుకాణం ముందు బారులు తీరిన జనం కంటే దర్జీ దుకాణంలోని ఇద్దరు మనుషుల వలన వ్యాధి ఎక్కువ వ్యాపిస్తుందని ఏ వైద్యుడూ చెప్పి ఉండడు. ఖజానా ఖాళీ అయినందున, అబ్కారీ రాబడి అవసరమైనందున ఆ వరుస ఏర్పడినది. ఖజానా అవసరాన్ని మేము తోసిపుచ్చము. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లోనూ మే 4నే మద్యం దుకాణాలు తెరచినారు. మేము చెప్పదలచినది ఏమనగా, ఎవరి పని ముందు, ఎవరి పని వెనుక అన్న వరుసను వ్యాధి నిర్ణయించలేదు, నాయకులు నిర్ణయించినారు. ఆ వరుసలో దర్జీ చివర నిలబడినాడు.

ఇతర రాష్ట్రాల సంగతి చూతము. కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ లాక్‌డౌన్‌కు ఐదు దినాల ముందే, మార్చి 19న, 20,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించినారు. అందులో 2,000 కోట్లు కుటుంబశ్రీ మహిళా సంఘాల ద్వారా రుణాలకు, మరి 2,000 కోట్లు గ్రామీణ ఉపాధి పనులకు. ఆ మొత్తంలో పెద్ద భాగం పాత బకాయిల చెల్లింపే కదా అని విమర్శకులు అన్నారు. నిజమే. అయితే చిన్న కాంట్రాక్టరుకు ప్రభుత్వం ఇవ్వవలసిన బాకీ చేతికి వస్తే అతడు మేస్త్రీకి ఇస్తాడు, మేస్త్రీ కూలికి ఇస్తాడు. సర్కారు తన బాకీ తాను తీర్చుటయే కష్టకాలంలో గొప్ప ఉపకారమైన సందర్భాలు ఉన్నవి. 2018లో నిపా జ్వరంతో పోరాడిన అనుభవం ఆ రాష్ట్రానికి ఉన్నది గనుక, వ్యాధి వచ్చినప్పుడు కూలి కూడ జబ్బు పడుతుందని అక్కడి యంత్రాంగానికి ముందే తెలుసు. పొరుగు రాష్ట్రాల కూలీలను వారు అధికార పత్రాలలోనే 'అతిథి కార్మికులు' అని వ్రాసుకున్నారు. మాటతో కడుపు నిండదని అనవచ్చును. కాని అతిథి అని వ్రాసిన తరువాత అతని భోజనం, బస ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు తావుండదు. గల్ఫ్ దేశాలలో ఉన్నవారి కొరకు కేరళలో 1996లోనే ప్రత్యేక శాఖ ఏర్పడినది. 2020లో కొలువు పోయి విమానం దిగినవానికి అక్కడ తట్టుటకు ఒక తలుపు ఉన్నది. నిజామాబాదు, కరీంనగరం, మన పాతబస్తీ యువకులు కూడ అదే గల్ఫ్ నుండి అదే వేసవిలో తిరిగి వచ్చినారు. వారు తట్టవలసిన తలుపు ఏదో వారికి తెలియలేదు.

కూలీల రైళ్ల సంగతి మరింత స్పష్టమైనది. ఏప్రిల్ చివర సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఒక నిర్మాణ స్థలంలో పనివారు తిరగబడినారు. బకాయి పడిన కూలి ఇమ్మనుట, ఇంటికి పంపుమనుట, ఇవే వారి కోరికలు. రెండు దినాలు తిరుగక ముందే, మే 1 తెల్లవారుజామున, లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు బయలుదేరినది. వలస కూలీల కొరకు దేశంలో నడచిన మొదటి ప్రత్యేక రైలు అదే. తెలంగాణ, జార్ఖండ్ ప్రభుత్వాలు రెండూ పూనుకొన్నందున అది సాధ్యమైనది. రేషను కార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు, వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చుటకు మన ప్రభుత్వం అంతకు ముందే ఉత్తర్వు ఇచ్చి ఉన్నది. మంచి చేసినచోట మంచి అనవలెను.

అదే వారంలో కర్ణాటకలో ఏమి జరిగినది? మే 5న అక్కడి ముఖ్యమంత్రి భవన నిర్మాణదారులతో సమావేశమైనారు. ఆ వెంటనే, కూలీల రైళ్లు అక్కరలేదని రాష్ట్ర ప్రభుత్వం రైల్వేకు వ్రాసినది. కూలీలు పోతే కట్టడాలు ఆగుతవి గనుక కూలీలను పోనీయరాదు! దేశమంతటా నిరసన లేచిన పిమ్మట రెండు మూడు దినాలలోనే ఆ నిర్ణయం మార్చుకొన్నారు, రైళ్లు నడచినవి. కాని ఆ రెండు మూడు దినాలు మనకు చాల నేర్పవలెను. ఉపాధి నిలుపుట అనే మంచి మాట చాటున మనిషిని కట్టివేయుట కూడ సాధ్యమే. పని కల్పించుట వేరు, పనిలో బంధించుట వేరు. ఈ భేదం తెలియని నాయకత్వం పరిశ్రమకు మేలు చేయుచున్నానని అనుకొంటూనే శ్రామికునికి కీడు చేస్తుంది.

ఈ దారిలో ఇంకా ముందుకు పోయినవారు ఉన్నారు. ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం మే మొదటివారంలో, కొద్దిపాటి మినహాయింపులతో, కార్మిక చట్టాలన్నిటినీ మూడేండ్లు పక్కన పెట్టు ఆర్డినెన్సును ఆమోదించినది. పన్నెండు గంటల పని దినానికి వేరుగా ఉత్తర్వు ఇచ్చి, అలహాబాదు హైకోర్టు సంజాయిషీ అడుగగా మే 15న ఉపసంహరించుకొన్నది. గుజరాతు ప్రభుత్వం ఏప్రిల్‌లోనే పన్నెండు గంటల పనికి అనుమతించి, అదనపు గంటలకు చట్టప్రకారం రావలసిన రెట్టింపు కూలి కూడ అక్కరలేదన్నది. ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న కొట్టివేసి, ఆ గంటల కూలి లెక్కకట్టి ఇమ్మన్నది. పన్నెండు గంటల దినంలో ముగ్గురు చేయు పనిని ఇద్దరే చేయగలరు; ఆ మూడవవాడు ఇంట కూర్చుంటాడు. ఉపాధి పెంచుటకని చెప్పి ఉపాధి తగ్గించు ఈ లెక్క ఏడవ తరగతి పిల్లవానికి తెలుసు.

ఉత్తర్వులతోనే కాదు, నోటిమాటతోనూ నాయకుడు పని ఇవ్వగలడు, పోగొట్టగలడు. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంగతి వెలుగులోనికి వచ్చిన పిమ్మట, ఎన్నడూ ఢిల్లీ చూడని కూరగాయల బండివాడు కూడ పేరు చెప్పుకొని వీధిలోనికి పోవుటకు భయపడినాడు. ఉత్తరప్రదేశ్ దేవరియా జిల్లా శాసనసభ్యుడొకరు ముస్లిం అమ్మకందార్ల వద్ద కూరలు కొనవద్దని బహిరంగంగా చెప్పినారు; చివరకు ఆయన పార్టీయే ఆయనకు నోటీసు ఇవ్వవలసి వచ్చినది. అదే ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి వ్యాధికి మతం లేదని ప్రజలకు చెప్పినారు. మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే మత విద్వేషం వ్యాపింపజేయువారిని విడిచిపెట్టనని హెచ్చరించినారు. ఈ మాటలకు ఖజానా నుండి ఒక్క పైసా ఖర్చు కాలేదు. వాటి విలువ ఎంతో సభలో కూర్చున్న పండితులకు తెలియకపోవచ్చును, తోపుడు బండివానికి తెలుసు. ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగు సభ్యులపై పెట్టిన కేసులు కొట్టివేసినది. తీర్పు వచ్చినది గాని, ఏప్రిల్‌లో అమ్ముడుపోక కుళ్లిన టమాటాలకు పరిహారమేదీ రాలేదు.

ఇక పల్లెకు, పట్టణానికి ఉన్న తేడా. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం, మహమ్మారి సంవత్సరంలో దేశానికి పెద్ద ఆసరా అయినది. 2019-20లో 265 కోట్లుగా ఉన్న పనిదినాలు 2020-21లో 389 కోట్లకు పెరిగినవి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలో నాటి కూలి దినానికి 237 రూపాయలు. ఆ డబ్బు అధికంగా కేంద్రానిదే. కాని పని గుర్తించుట, పలుగు పార ఇప్పించుట, కూలీల పేర్లు వ్రాసుకొనుట రాష్ట్రాల చేతిలో ఉన్నవి. రాజస్థాన్‌లో ఏప్రిల్ మధ్యలో లక్షకు లోపుగా ఉన్న పనివారి సంఖ్య జూన్ నాటికి 40 లక్షలు దాటినది. అక్కడి ప్రభుత్వం పని అడిగినవానికి కాదు, అడుగనివానికి కూడ కబురు పెట్టి పిలిపించినది. పథకం ఒకటే, దానిని తట్టి లేపిన చేయి వేరు.

పట్టణం సంగతి వేరు. యాకుత్‌పురాలో, చాంద్రాయణగుట్టలో, గుంటూరు ఆనందపేటలో ఉన్నవానికి ఏ హామీ పథకమూ లేదు. అతడు చెరువు పూడిక తీయలేడు, అక్కడ చెరువే లేదు. కేరళలో అయ్యంకాళి పేరిట పట్టణ ఉపాధి పథకం మహమ్మారికి పదేండ్ల ముందునుండే ఉన్నది. ఆ కష్టకాలంలోనే ఒడిశా పట్టణ కూలీలకు పనులు ప్రారంభించినది; హిమాచల్ ప్రదేశ్ 120 దినాల పని, జార్ఖండ్ 100 దినాల పని పట్టణవాసులకు ఇచ్చుటకు పథకాలు తెచ్చినవి. రాజస్థాన్ 2022లో తెచ్చినది. వీటిలో కొన్ని కాగితం మీదనే ఎక్కువగా నిలిచినవని మాకు తెలియకపోలేదు. కాగితమైనా ఉంటే అర్జీ పెట్టవచ్చును. ఒడిశా, జార్ఖండ్ మనకంటె సంపన్న రాష్ట్రాలు కావు. హైదరాబాదు వంటి మహానగరం గల రాష్ట్రంలో అట్టి ఆలోచన సాగకపోవుటకు ధనాభావమే కారణమంటే నమ్మశక్యం కాదు.

ధనం ప్రశ్న వచ్చినది గనుక ఒక మాట. 2020 మార్చి చివర తెలుగు రాష్ట్రాలు రెండూ తమ ఉద్యోగుల జీతాలలో సగం నిలిపివేసినవి. నాలుగవ తరగతి ఉద్యోగులకు నూటికి పది మాత్రమే నిలిపి, మంత్రులు, ఉన్నతాధికారులు మరింత వదులుకొన్నందున అందులో కొంత న్యాయదృష్టి కనిపించినది. ఆంధ్రప్రదేశ్ సంగతి సుప్రీంకోర్టు వరకు పోయి, నిలిపిన జీతం నూటికి ఆరు వడ్డీతో చెల్లించవలెనని 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చినది. మంచిదే. కాని అదే సంవత్సరం నగరంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో మా బంధువు ఒకామె పద్నాలుగు నెలలు జీతం లేక, ఇంటి ముందు ఇడ్లీలు అమ్మినది. ఆమెకు వడ్డీ లేదు, అసలూ లేదు, కోర్టు మెట్లూ లేవు. 2021 ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ప్రకటించినది. లక్షకు పైబడి కుటుంబాలకు అది ఊపిరి పోసినది. అయితే బడులు మూతపడి అప్పటికి ఏడాది దాటినది, పథకం పాఠశాలల వరకే పరిమితమైనది, జాబితాలో పేరున్నవారికే అందినది. యాజమాన్యం పేరు వ్రాయని టీచరమ్మకు బియ్యం రాలేదు. మా బంధువు పేరు జాబితాలో ఉన్నది. ఆమె పక్కగదిలో అరబ్బీ చెప్పిన మౌల్వీసాబు పేరు లేదు.

సిరిసిల్ల సంగతి చెప్పక ఈ చర్చ పూర్తి కాదు. 2017 నుండి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు అక్కడి మరమగ్గాలకు ఇచ్చినది. భివండీ, సూరతు మగ్గాలు ఆగి పద్మశాలి కార్మికులు అక్కడినుండి కాలినడకన బయలుదేరిన 2020లో కూడ ఆ ఆర్డరు ఆగలేదు. ఆ అక్టోబరులో సుమారు కోటి చీరలు పంచినారు. ప్రభుత్వమే కొనుగోలుదారు అయితే వ్యాధి కాలంలోనూ మగ్గం ఆడుతుందనుటకు ఇది నిదర్శనం. 2023 చివర ప్రభుత్వం మారినది. ఆ ఆర్డరు ఆగినది. 2024లో సిరిసిల్ల మరల పని లేక వార్తలలోనికి ఎక్కినది. తరువాత మహిళా సంఘాల చీరల పేరిట ఆర్డర్లు తిరిగి వచ్చినవి. వ్యాధి ఆపలేని మగ్గాన్ని ఎన్నిక ఆపినది. నాయకుని దయగా వచ్చిన పని, నాయకునితోనే పోతుంది. హక్కుగా వచ్చిన పనికి ఆ భయం కొంత తక్కువ. బండ్లపల్లిలో మొదలైన పథకం కేంద్రంలోనూ, రాష్ట్రాలలోనూ ఎన్ని ప్రభుత్వాలు మారినా పదునెనిమిది ఏండ్లకు పైగా నిలుచుటకు కారణం, దాని వెనుక చట్టం ఉండుటయే. ఆ చట్టం స్థానే 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 125కు పెంచినది గాని, ఎక్కువ రాష్ట్రాలకు ఖర్చులో నూటికి 40 వంతులు మోపినది. ఇకమీదట మరొక మహమ్మారి వస్తే, పల్లెలో సైతం పలుగు పట్టేవాని కూలి రాష్ట్ర నాయకత్వపు ఉదారత మీద, దాని ఖజానా మీద మునుపటికంటె ఎక్కువ ఆధారపడుతుంది.

పైన చెప్పిన ప్రతి సందర్భంలోనూ మాకు తగిలిన రాయి ఒకటే. బియ్యం గాని, రూపాయలు గాని, రైలు టిక్కెట్టు గాని, పేరు వ్రాసి ఉన్నవానికే అందినవి. వలస కూలీల పేర్లు నమోదు చేయవలెనని 1979లోనే చట్టం వచ్చి, 2020 నాటికి నలుబది ఏండ్లు అమలులో ఉన్నది. రాష్ట్రాలు దానిని పట్టించుకొని ఉంటే రైళ్ల కొరకు మే నెలలో జాబితాలు వ్రాయుటకు కూర్చోవలసిన పని లేకపోయెడిది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధులలో 52,000 కోట్ల రూపాయలు రాష్ట్రాల వద్ద ఉన్నవనీ, వాటిని పంచవలెననీ కేంద్ర కార్మిక శాఖ 2020 మార్చిలో వ్రాసినది. ఆ నిధి నమోదైన మేస్త్రీకి చెందినది, అతని పక్కన ఇటుకలు మోసే నమోదు కాని కూలికి చెందలేదు. అసంఘటిత కార్మికుల కొరకు ఈ-శ్రమ్ జాబితా 2021 ఆగస్టులో మొదలైనది, అనగా రెండవ విజృంభణ కూడ గడచిన పిమ్మట. ఎన్నికల జాబితాలో మన పేర్లు వ్రాయుటకు ఏటా ఇంటింటికీ వచ్చే యంత్రాంగం, మన పని ఏమిటో వ్రాసుకొనుటకు రాలేదు.

అందువలన కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. మన ప్రవేశ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉన్నది. అందులో నూటికి ఎనుబది మంది 'ప్రైవేటు' అనో, 'బిజినెస్' అనో వ్రాస్తారు. సిగ్గు కొంత, తొందర కొంత. మేము కూడ అట్లే వ్రాసినాము. ఆ గడిని పెద్దది చేసి, ఏ పని, ఎవరి వద్ద, ఏ జాబితాలోనైనా పేరున్నదా, రేషను కార్డు ఉన్నదా, ఈ-శ్రమ్ కార్డు ఉన్నదా అని అడుగవలెను. తల్లి పనికి మరొక గడి ఉండవలెను. ఇప్పుడది లేనే లేదు. లేనివారికి నమోదు చేయించుటకు సేవాదళ విద్యార్థులు వేసవిలో పదిహేను దినాలు కూర్చొనుటకు ఒప్పుకొన్నారు. రేపు మరొక వ్యాధి వచ్చి, మరొక ముఖ్యమంత్రి మరొక ఉత్తర్వు వ్రాయునప్పుడు, మన వీధుల లెక్క మన చేతిలో ఉంటే, శాసనసభ్యుని గడప ముందు నిలబడి అడుగుటకు మాట ఉంటుంది. కొత్త దరఖాస్తు నమూనాను ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి ప్రిన్సిపాలుగారి కార్యాలయంలో ఇచ్చి ఉన్నాము. జూన్‌లో ప్రవేశాలు మొదలగుటకు ముందే కమిటీ దానిని చూడవలెనని కోరుచున్నాము.